ఏమార్చడం తెలిసిన అత్త

మొన్న మధ్యాహ్నం గాజులు అమ్మే ఆమె వచ్చి మా అరుగు మీద కూర్చుంది. గంప దించలేదు, ఒళ్ళోనే పెట్టుకుంది. నీళ్ళడిగి తాగింది. వాన పడుతుందా అని అడిగింది. మా మేక ఈనిందా అని అడిగింది. నా మోకాళ్ళ నొప్పి గురించి అడిగింది. నేను అన్నిటికీ జవాబు చెప్పాను. ఆమె ఊరూరూ తిరిగే మనిషి. ఎప్పుడూ గాజుల గురించి తప్ప ఇంకో మాట మాట్లాడదు. మేక సంగతి ఎత్తగానే నాకు అనుమానం వచ్చింది.

"జెద్దాలో నీతో పాటు ఉండిన అత్త ఉండాదే," అంది చివరికి, గంపలోకి చూస్తూ. "ఆయమ్మ మంచిది మే, పాపం."

చావు కబురు మీద పడేయకుండా, నన్ను ఏమార్చి, నెమ్మదిగా చెప్పాలని పాపం ఆమె తంటాలు పడింది. ఆ పని ఆమెకు రాలేదు. ఆ పని బాగా వచ్చిన మనిషే ఇప్పుడు లేదు.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. మా ఊరి బడి వరండాలో సాయంత్రం పూట నేర్పే టీచరమ్మ ఒకరోజు 'ఏమార్చు' అన్న మాట పలక మీద రాసి, "అంటే మోసం చేయడం" అని చెప్పింది. మిగతా ఆడవాళ్ళు తలలూపారు. నాకు ఊపబుద్ధి కాలేదు. "మోసం చేసినోళ్ళను పోలీసులు పట్టుకుంటారు కదమ్మా," అన్నాను. "బిడ్డకు చందమామను చూపించి ముద్ద పెట్టిన తల్లిని ఎవరు పట్టుకుంటారు?" టీచరమ్మ నవ్వి, నిజమే అంది గానీ, పలక మీద రాసింది మాత్రం చెరపలేదు. ఆ మాటకు నాకు తెలిసిన అర్థం పలక మీద పట్టేది కాదు. అది ఒక మనిషంత ఉంటుంది. గోరింటాకు పెట్టిన వేళ్ళతో, కొంగు చివర కట్టుకున్న రెండు లవంగాలతో, నడిచేటప్పుడు ఎడమ పక్కకు కొంచెం ఒరిగే నడకతో ఉంటుంది.

ఆమె పేరు రాయను. జెద్దాలో మేమిద్దరం పనిచేసిన ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. నేను 'అత్తా' అనేదాన్ని. ఆమెది మా జిల్లానే. దూదేకుల ఇంటి ఆడబిడ్డ. పుట్టినప్పటి నుంచి ఇంట్లో తెలుగే. ఆ ఇంటి కారు నడిపే హైదరాబాదు అతను ఆమె ఉర్దూ విన్నప్పుడల్లా చెవులు మూసుకునేవాడు. "అమ్మా, నువ్వు తెలుగే మాట్లాడు. నీ ఉర్దూ ఇంటే మా అమ్మీ బువ్వ మానేస్తది," అనేవాడు. "మీ అమ్మకు నేను ఏమార్చి పెడతాలే, తోలుకొనిరా," అనేది అత్త.

అది ఆమె మాట. రోజుకు పదిసార్లు అనేది. మాంసం ఉడకకపోతే కుండలో చెంచా వేసి, "దీన్ని ఏమార్చాల" అనేది. ఉపవాసాల నెలలో పొద్దు వాలే వేళకు ఆకలి ముదిరితే, తన చిన్నప్పటి పెళ్ళి ఊరేగింపు కథ మొదలుపెట్టి, "కడుపును ఏమారుస్తాండా, ఊఁ కొట్టు" అనేది. పాలను మాత్రం ఏమార్చలేనని ఒప్పుకునేది. "అవే మనల్ని ఏమారుస్తాయి మే. ఎంతసేపు సూసినా కదలవు. తల తిప్పినామంటే పొంగుతాయి." అందుకని పాలు పెట్టిన పూట ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు.

నేను ఆ ఇంటికి పోయిన కొత్తలో ఊరికే ఏడ్చేదాన్ని. ఊళ్ళో మూడేళ్ళ కూతురిని వదిలి వచ్చాను. ఏడుపు మొదలు కాగానే అత్త ఒక పళ్ళెం నిండా పప్పు పోసి నా ముందు పెట్టేది. "రాళ్ళు ఏరు మే. మేడమ్ పంటికి రాయి తగిలితే మన పని అయిపోతాది." నేను కళ్ళు తుడుచుకుని ఏరేదాన్ని. ఒక్క రాయీ దొరికేది కాదు. దొరకలేదని మళ్ళీ మొదటి నుంచి వెతికేదాన్ని. అంగడి నుంచి సంచుల్లో వచ్చే ఆ పప్పులో అసలు రాళ్ళే ఉండవని నాకు తెలిసేసరికి రెండు నెలలు పట్టింది. అప్పటికి ఏడుపు కూడా తగ్గింది.

తగ్గింది గానీ పోలేదు. శుక్రవారం, మగవాళ్ళు మసీదు నుంచి వచ్చి భోంచేసి పడుకున్నాక, వంటింటి ఫోను నుంచి కార్డు గీకి ఊరికి ఫోను చేసుకోనిచ్చేవాళ్ళు. మా అమ్మ పక్కింట్లో ఫోను దగ్గర కూర్చుని ఉండేది. అమ్మ మాట్లాడేది. మా అన్న మాట్లాడేవాడు. పక్కింటి ముసలాయన కూడా బాగున్నావా అని అడిగేవాడు. నా కూతురు మాత్రం ఫోను దగ్గరికి వచ్చేది కాదు. "రామ్మా, అమ్మ మే, అమ్మ" అని మా అమ్మ బతిమాలడం వినిపించేది. తర్వాత చిన్న పాదాలు పరిగెత్తిపోయిన చప్పుడు. రెండేళ్ళు ప్రతి శుక్రవారం దాని నుంచి నాకు అందినది ఆ చప్పుడు ఒక్కటే.

ఆ ఇంట్లో నా పని గదులు, బట్టలు. అత్త పని వంట, హజ్జా. హజ్జా అంటే ఇంటాయన తల్లి. ఎంత వయసో ఎవరికీ తెలియదు. కొడుకును గుర్తుపట్టేది కాదు. కోడల్ని ఎవరో చుట్టాలావిడ అనుకునేది. మాత్రలు చూస్తే మూతి బిగించేది. అత్త ఖర్జూరంలో గింజ తీసి, గింజ చోట మాత్ర పెట్టి, తానొక ఉత్త ఖర్జూరం నోట్లో వేసుకుని, మాత్ర ఉన్నది హజ్జాకు ఇచ్చేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, దొంగతనంగా తింటున్న పిల్లల్లాగా నమిలేవాళ్ళు.

హజ్జా పుట్టింది నజ్రాన్‌లో. దక్షిణాన, యెమెన్ సరిహద్దు దగ్గర. మట్టి ఇళ్ళు, ఖర్జూరపు తోటలు, బావి, మేకలు. జెద్దాకు వచ్చి నలభై ఏళ్ళు దాటినా, సాయంత్రం నమాజు కాగానే ఆమెకు జెద్దా చెరిగిపోయేది. నల్ల అబాయా వేసుకుని, ఒక దుప్పట్లో తన బట్టలు మూటగట్టుకుని, తలుపు దగ్గర కూర్చునేది. "యల్లా, నజ్రాన్" అనేది. పోదాం పదండి, మా ఇంట్లో ఎదురుచూస్తుంటారు అని. మొదట్లో కొడుకు, కోడలు ఇదే నీ ఇల్లు అని చెప్పి చూశారట. చెప్పిన కొద్దీ ఆమె గోడకేసి తల కొట్టుకునేదట.

అత్త వచ్చాక అది మారింది. హజ్జా మూట తాను చంకన పెట్టుకుని, ఆమె చెయ్యి పట్టుకుని, వంటింటి పక్క వెనక గేటు నుంచి బయటికి తీసుకుపోయేది. ప్రహరీ గోడ పక్కన నడిచేవాళ్ళు. వరసగా ఏసీ డబ్బాలు వేడిగాలి ఊదుతుంటే, "ఎడారి హజ్జా, మొకానికి గుడ్డ కప్పుకో" అనేది తనకు వచ్చిన అరబ్బీలో. మూల తిరిగాక వీధి కొంచెం ఎత్తుగా ఉంటుంది. అక్కడ ఇద్దరూ ఆయాసపడేవాళ్ళు. అది తాయిఫ్ కొండ. ఆ పైన అభా. కారతని దగ్గర నజ్రాన్ దోవలోని ఊళ్ళ పేర్లు వరసగా నేర్చుకుంది అత్త. పక్కింటి వాళ్ళ ఏసీ నీళ్ళు గొట్టం నుంచి కారి చిన్న కాలువలాగా పోయేవి. అక్కడ హజ్జా అబాయా పైకెత్తి దాటేది. వాగు దాటామంటే నజ్రాన్ వచ్చినట్టే. తర్వాత మూడు వేపచెట్లు. ఎవరు నాటారో, మా ఊరి చెట్లే. హజ్జాకు అవి ఖర్జూరపు తోట. ఆ నీడలో ఆగి ఎవరెవరినో పలకరించేది. అత్త కూడా పలకరించేది.

అప్పుడు ముందు గేటు తెరిచి, "వచ్చేసినాం హజ్జా, దేవుని దయ, సుఖంగా వచ్చినాం" అనేది. హజ్జా లోపలికి వచ్చి, గోడలు తడిమి, నవ్వి, ఖర్జూరాలు తినేది. రాత్రి వరకు ఆమె నజ్రాన్‌లోనే ఉండేది.

కారతను గేటు దగ్గర ఎదురైతే ఊరుకునేవాడు కాదు. "ఏమమ్మా, నజ్రాన్ పోయొచ్చిర్రా? పెట్రోల్ ఎంత కొట్టిచ్చిండ్రు?"

"నీ బండి మాదిరి తాగుబోతు బండి కాదులే మాది," అనేది అత్త. "రెండు ఖర్జూరాలేస్తే పోతాది."

ఒక్కోసారి నేను మేడ మీద బట్టలు ఆరేస్తూ ఆ ఇద్దరినీ పైనుంచి చూసేదాన్ని. సముద్రం వైపు నుంచి తడిగాలి వచ్చేది. ఎండ గోడల మీద తేనె రంగులోకి తిరిగేది. రెండు నల్లటి ఆకారాలు, ఒకటి ఎడమకు ఒరుగుతూ, ఒకటి వంగిపోయి, ఇంటి చుట్టూ మెల్లగా తిరిగేవి. చూస్తూ చూస్తూ ఉంటే నాకూ వీధి కనిపించేది కాదు. వాళ్ళు నిజంగానే ఎక్కడికో పోతున్నట్టు, నేను వెనక మిగిలిపోతున్నట్టు ఉండేది.

ఒకరోజు అత్తకు జ్వరం వచ్చి లేవలేదు. "నువ్వు తోలుకొనిపో మే. దోవ నీకు తెల్సు కదా," అంది.

దోవ తెలుసు. చెప్పడం తెలియదు. ఎడారి దగ్గర ఎడారి అన్నాను. కొండ దగ్గర కొండ అన్నాను. హజ్జా నా ముఖంలోకి అనుమానంగా చూసింది. వేపచెట్ల కిందకు వచ్చి ఆగిపోయింది. కదలనంది. ఎవరిదో పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. వంటింట్లో పొయ్యి మీద గిన్నె పెట్టి వచ్చిన సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఆమెను చెట్టు మొదట్లో అరుగు మీద కూర్చోబెట్టాను. నీళ్ళు తెస్తాను, కూర్చో అని సైగ చేశాను. ఆమె తలూపింది. నేను చటుక్కున లోపలికి జారుకున్నాను.

పొయ్యి ఆర్పి కారతన్ని వెతికి పిలుచుకొచ్చేసరికి అరుగు మీద ఆమె లేదు.

రెండు వీధుల అవతల ఎవరిదో గేటు ముందు దొరికింది. మూట విప్పి బట్టలన్నీ రోడ్డు మీద పరిచి, వాటి మధ్యలో కూర్చుని ఉంది. పోయేవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తోంది. కారతను రమ్మంటే రాలేదు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించింది. అంతలో అత్త వచ్చింది. ఒళ్ళు కాలిపోతూ, గోడ పట్టుకుని, కాళ్ళకు చెప్పుల్లేకుండా. కింద కూర్చుని బట్టలన్నీ మడిచి మూట కట్టింది. "ఎంతసేపు నిద్రపోయినావు హజ్జా, ఇంకా సగం దోవ ఉండాది," అంది. ఆ ముసలామె లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. అక్కడి నుంచి కొండ, వాగు, తోట, ఒక్కటీ వదలకుండా అంతా చెప్పుకుంటూ నడిపించుకొచ్చింది.

తర్వాత వంటింట్లో నేల మీద పడుకుని నన్ను పిలిచింది. ఆమెకు కోపం రావడం నేను చూసింది అదొక్కసారే.

"ఎందుకు ఇడిసిపెడితివి?"

"పొయ్యి మీద గిన్నె అత్తా. నీళ్ళు తెస్తానని చెప్పే పోయినా."

"ఆ మాట నమ్మి కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో నీకు తెల్సా?"

"నువ్వు రోజూ ఏమార్చడం లేదా? నేనూ అట్లనే..."

"నేను ఏమారుస్తా. ఏమార్చినంతసేపు చెయ్యి పట్టుకొనే ఉంటా. ఏమార్చి ఎనకనుండి జారుకునేది ఏమార్చేది కాదు మే. దానికి పేరు వేరే."

నేను ఊరు వదిలిన రోజు సంగతి నా నోటి నుంచి నా ప్రమేయం లేకుండానే వచ్చింది. జీపు వచ్చిన పొద్దు మా అమ్మ నా కూతుర్ని దూడను చూపిస్తానని దొడ్లోకి ఎత్తుకుపోయింది. నేనే ఎత్తుకుపొమ్మన్నాను. పాప దూడ చెవులు పట్టుకుని నవ్వుతుంటే విని, నేను తల వంచుకుని జీపు ఎక్కాను. మా వైపు గల్ఫుకు పోయే ఆడవాళ్ళమంతా అట్లనే పోతాం. బిడ్డ చూస్తుండగా పోతే బిడ్డకు జ్వరం వస్తుందంటారు. బిడ్డను ఏమార్చి పొమ్మంటారు పెద్దవాళ్ళు. ఎవరూ తప్పనుకోరు. నేనూ అనుకోలేదు.

అత్త పైకప్పు చూస్తూ వింది.

"నా కొడుక్కు అప్పుడు ఆరేళ్ళు," అంది. "చేతిలో చిల్లర పెట్టి బొరుగులుండ తెచ్చుకోపో నాయనా అన్నా. వాడు అంగడికి పోయినాడు. నేను జీపెక్కినా. వాడు రెండు తెచ్చినాడంట మే. నాకొకటి."

కొంగు చివర ముడి విప్పి, ఒక లవంగం నోట్లో వేసుకుంది.

"ఇప్పుడు వానికి పెండ్లయింది. ఫోను చేస్తే ఎత్తుతాడు. బాగుండావా అంటాడు. మారు మాట్లాడేలోపల పెండ్లాం చేతికిస్తాడు. చెడ్డోడు కాదు. నేను యాడ మళ్ళా ఏమారుస్తానో అని వానికి భయం."

నాకు రెండేళ్ళు నిండి సెలవు వచ్చింది. రెండు నెలలు ఇంట్లో ఉండి తిరిగి రావాలి. నా పెట్టె కట్టింది అత్తే. పైన మూత వేస్తూ అంది, "ఈసారి చెప్పి రా మే, దానికి."

"ఏడుస్తాది అత్తా."

"ఏడ్చనీ. నిన్ను పట్టుకొని ఏడుస్తాది. నువ్వు చెప్పకుంటే ఖాళీ దోవను పట్టుకొని ఏడుస్తాది."

ఊళ్ళో నా కూతురు నన్ను చూసి మా అమ్మ చీర వెనక దాక్కుంది. వారం దాటాక నేను పెట్టిన ముద్ద తిన్నది. నెల గడిచాక నా మీద కాలు వేసుకుని పడుకుంది. నాకు అప్పుడు చెప్పబుద్ధి కాలేదు. చెప్పకుండా ఉంటే ఆ కాలు ఇంకొన్ని రోజులు అట్లనే ఉండేది. పోవడానికి అయిదు రోజుల ముందు, తల దువ్వుతూ చెప్పాను. గురువారం జీపు వస్తుంది, నేను పోతాను, రెండేళ్ళకు వస్తాను అని.

అది దువ్వెన లాక్కుని విసిరేసింది. ఆ రోజూ, మరునాడూ అన్నం ముట్టలేదు. మా అమ్మ నన్ను తిట్టింది. "ఎవురన్నా చెప్పి పోతారా మే బిడ్డకు? జరమొస్తే నువ్వుంటావా ఈడ?" జ్వరం వచ్చింది కూడా. ఒకరోజు ఉండి పోయింది. ఆ రెండు రోజులూ నేను దాని పక్కనుంచి కదలలేదు. తిట్టింది, కొట్టింది, నా చేతి మీద కొరికింది. ఆ గాటు జెద్దా చేరేదాకా ఉంది.

గురువారం జీపు వచ్చింది. చూస్తే గడప దగ్గర నా చెప్పుల్లో ఒకటి లేదు. ఇల్లంతా వెతికాం. జీపతను హారను కొడుతున్నాడు. చివరికి మా అమ్మ చెప్పులు వేసుకుని బయలుదేరాను. నా కూతురు గడప మీద చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. దగ్గరికి తీసుకుంటే ముఖం పక్కకు తిప్పుకుంది. జీపు మలుపు తిరిగేదాకా నేను దాన్నే చూశాను, అది నన్నే చూసింది.

జెద్దాలో మొదటి శుక్రవారం ఫోను చేశాను. రెండోసారి మోగకముందే ఎత్తారు. ఎవరూ మాట్లాడలేదు. చిన్నగా ఊపిరి వినిపించింది.

"పాపా?" అన్నాను.

"నీ చెప్పు నా కాడుండాది," అంది. "వస్తేనే ఇచ్చేది."

అంతే. ఫోను మా అమ్మకు ఇచ్చింది. కానీ పరిగెత్తిపోయిన చప్పుడు రాలేదు. మా అమ్మ మాట్లాడినంతసేపూ అది పక్కనే నిలబడి, చెప్పు చెప్పు, నేనే దాపెట్టినానని చెప్పు అంటూనే ఉంది.

అత్త పొయ్యి దగ్గర ఉంది. "ఏమన్నాది?" అని అడిగింది. చెప్పాను. నవ్వలేదు. గరిటె పక్కన పెట్టి, "మళ్ళా చెప్పు" అంది. చెప్పాను. కొంచెంసేపు ఆగి, "ఏమన్నాదీ?" అంది మూడోసారి. ఆమె నా కూతురి మాట కోసం అడగడం లేదని నాకు అప్పుడు తెలిసింది. అయినా మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చెప్పాను.

ఆ తర్వాతి శుక్రవారం ఆమె ఫోను అందుకుంది. ఎప్పుడూ ఊళ్ళో వానలు, పశువులు, మనవడి పళ్ళు, ఇట్లా చుట్టూ తిరిగి మాట్లాడే మనిషి, అవతల కొడుకు గొంతు వినగానే అంది:

"నాయనా, ఫోను నీ పెండ్లాం చేతికియ్యద్దు. ఆ పొద్దు నేను నీకు చెప్పకుండా పోయినా. నిన్ను అంగడికి పంపిచ్చి పోయినా. తప్పు చేసినా."

ఆ తర్వాత ఏమీ మాట్లాడలేదు. రిసీవరు చెవికి అదిమిపెట్టి గోడ వైపు తిరిగి నిలబడింది. కిటికీ నుంచి ఎండ ఆమె వీపు మీద పడుతోంది. పొయ్యి మీద పాలున్నాయి. నేను వాటిని చూడాలో ఆమెను చూడాలో తెలియక నిలబడ్డాను. కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని నాకు కంగారుగా ఉంది. అతను పెట్టేశాడేమో, ఈమెకు తెలియలేదేమో అనిపించింది. దగ్గరికి పోయి భుజం తాకాను.

"ఏమన్నాడత్తా?"

ఆమె రిసీవరుకు అరచెయ్యి అడ్డం పెట్టి, నిద్రపోతున్న బిడ్డ దగ్గర మాట్లాడినంత మెల్లగా అంది:

"ఇనుకుంటాండాడు మే."